కొత్త బడికి కరెంటు సర్వీసు: ఉద్దానం నుంచి ఒక తల్లి రివ్యూ

మా దగ్గర కొత్త కరెంటు సర్వీసు ఇచ్చే వాళ్ల పని బాగుంటుంది. ఈ మాట ఏదో ఒక్క మీటరు చూసి చెప్పడం లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని సోంపేటలో నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం ఉంది. కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు, తోటలో బోరు వేసుకున్నవాళ్లు, రోడ్డు పక్కన టిఫిన్ కొట్టు పెట్టుకున్నవాళ్లు మీటరు కోసం దరఖాస్తు పెట్టించుకోవడానికి నా దగ్గరికి వస్తారు. కాగితాలు సరిగ్గా ఉండి, డబ్బు కట్టి, ఇంటి పక్కనే స్తంభం ఉంటే చాలావరకు గడువులోపే మీటరు పడిపోతుంది. కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో గ్రామాలకు 30 రోజుల గడువు ఉండేది. 2024 ఫిబ్రవరిలో దాన్ని 15 రోజులకు తగ్గించారు. లైను పొడిగించాల్సి వస్తే మాత్రం ఆ లెక్క వేరు.

ఈ రివ్యూ ఇంటి మీటరు గురించి కాదు. మా ఊరి కొత్త బడికి తీసుకున్న సర్వీసు గురించి. అదే ఆన్‌లైన్ ఫారం, అదే సెక్షన్ ఆఫీసు, అదే లైన్‌మన్. అయినా 2025 జూన్ 12న బడులు తెరిచిన రోజు నుంచి దసరా సెలవులు దాటి చాలా రోజులదాకా మా గుంటలు (పిల్లలు) ఫ్యాను తిరగని గదుల్లో చదువుకున్నారు. ఆలస్యమంతా కరెంటు వాళ్ల దగ్గర జరగలేదు. స్తంభాల ఖర్చు ఎవరిదన్న ఒక్క ప్రశ్న మీద పంచాయతీ ఒకవైపు, విద్యాశాఖ ఆఫీసు ఒకవైపు నిలబడిపోయాయి. మా ఊరి పేరు, ఆ ఆఫీసుల పేర్లు రాయడం లేదు. వాళ్లందరితో మాకు రేపు కూడా పని ఉంది, పైగా ఇలాంటి తగువు మా ఒక్క ఊరిదే కాదు.

మాది మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల. పాత బడి ఊరి మధ్యలో, రేకుల షెడ్డు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా ఉద్దానాన్ని ఊడ్చిపెట్టినప్పుడు ఆ రేకులు తోటల్లో దొరికాయి. తర్వాత మరమ్మతులు చేసి నెట్టుకొచ్చారు. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం రెండో విడతలో కొత్త గదులు మంజూరయ్యాయి. పాత చోట స్థలం చాలక, పంచాయతీ ఊరి చివర, సముద్రం వైపు వెళ్లే దారిలో స్థలం చూపించింది. పునాది పడింది, శ్లాబు పడింది, మధ్యలో చాలాకాలం ఆగింది, మళ్లీ మొదలై 2025 వేసవికి రంగులతో సహా పూర్తయింది. చూడ్డానికి చక్కటి భవనం. గదిగదికీ నాలుగు ఫ్యాన్లు, ట్యూబులైట్లు, ఆకుపచ్చ బోర్డులు, టైల్స్ వేసిన బాత్రూములు, డాబా మీద నల్ల ట్యాంకు. లోపలి వైరింగంతా నీటుగా చేశారు. ఆ వైరు వరండాలో ఉన్న మెయిన్ బోర్డు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఊళ్లో కరెంటు లైను అమ్మవారి గుడి వీధి దగ్గర ఆగిపోయింది. ఈ రెండింటి మధ్య కొబ్బరితోటలు.

భవనం ఎస్టిమేటులో లోపలి వైరింగ్, ఫ్యాన్లు, లైట్లు ఉన్నాయి. బయట వేయాల్సిన స్తంభాలు లేవు. పాత స్థలంలోనే కట్టి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు, గోడ పక్కనే లైను ఉంది. స్థలం మారినప్పుడు ఎస్టిమేటు మార్చలేదు. మొత్తం తగువుకు మూలం అక్కడుంది.

ఇక్కడ ఉద్దానం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మాకు బడిలో కరెంటంటే ఫ్యాను గాలి ఒక్కటే కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు ఏ ఊరికెళ్లినా కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరుగుతున్న మనిషో, పోయిన మనిషి ఫొటోకు దండో కనిపిస్తుంది. మా ఇంట్లో మా మామగారు అలాగే పోయారు. ఆ జబ్బుకు మూలం ఇదీ అని వైద్యులు ఇప్పటికీ ఒక్కమాటగా తేల్చలేదు. కానీ నీళ్ల విషయంలో ఇక్కడ ఏ తల్లీ రాజీపడదు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే రూ.700 కోట్ల పథకాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా ఆ రోజే మొదలయ్యాయి. ఆ పైపు నీళ్లు మా ఊళ్లోకి వస్తున్నాయి. పంచాయతీ వాళ్లు కొత్త బడి గేటు దాకా పైపు కూడా వేశారు, అది ఒప్పుకోవాలి. అయితే గేటు దగ్గర నీళ్లు నేల మీద సంపులో పడతాయి. అక్కడి నుంచి డాబా మీద ట్యాంకుకు ఎక్కాలంటే మోటారు తిరగాలి. మోటారు తిరగాలంటే కరెంటు కావాలి. ట్యాంకులో నీళ్లు లేకపోతే బాత్రూములు పనికిరావు, తాగునీటి కుళాయిలు పనికిరావు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికొచ్చేసి మళ్లీ వెళ్లేవారు కాదు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ సంపులోంచి బిందెలతో తోడుకునేది. నాకు ఈ రెండు విషయాలే నిద్రపట్టనివ్వలేదు.

ఇక సర్వీసు దగ్గరికి వస్తాను.

దరఖాస్తు హెడ్మాస్టరు గారి హోదా పేరు మీద నేనే నా దుకాణంలో పెట్టాను. నేను 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో బడి యాజమాన్య కమిటీకి ఎన్నికైన తల్లిని. దరఖాస్తు పెట్టిన వారంలోనే కరెంటు సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు, లైన్‌మన్ వచ్చి చూశారు. గుడి వీధి స్తంభం నుంచి టేపు పట్టి కొలిచారు. గదుల్లోకి వెళ్లి ఫ్యాన్లు, లైట్లు, మోటారు, కంప్యూటరు గది, తరగతి గదుల్లో పెట్టబోయే పెద్ద స్క్రీన్లు అన్నీ రాసుకుని లోడు లెక్కేశారు. త్రీఫేజు తీసుకోమని చెప్పారు. ఆయన మాకు చెప్పిన తీరు నాకు నచ్చింది. ఎస్టిమేటు కాగితం మీద గీత గీసి, "ఇదిగోనమ్మా, ఈ పైది మీ లోడుకు కిలోవాట్ల లెక్కన కట్టేది, ఈ కిందది డిపాజిట్, మీ పేరునే ఉంటుంది. ఈ పెద్ద మొత్తం మాత్రం లైనుది. స్తంభాలు, కేబులు, కూలి. ఇది ఎవరు కట్టినా మాకు ఒకటే, కడితే పని మొదలెడతాం" అన్నారు. మొత్తం లక్ష దాటింది. అందులో ఎక్కువ భాగం స్తంభాలదే.

ఆ 'ఎవరు కట్టినా' దగ్గర పని ఆగింది.

విద్యాశాఖ ఆఫీసులో చెప్పింది ఇది. స్కూలుకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 100 దాటి 250 లోపు పిల్లలున్న మా బడికి ఏడాదికి రూ.50 వేలు. సుద్దముక్కల నుంచి చిన్న మరమ్మతుల దాకా, నెలనెలా కరెంటు బిల్లుతో సహా అందులోనే సర్దుకోవాలి. అందులో పదోవంతు శుభ్రత పనులకు పక్కన పెట్టాలి. అది కూడా ఒకేసారి రాదు. స్తంభాలు పాతడానికి అందులో డబ్బు లేదు, ఉన్నా ఆ పద్దు కింద ఖర్చు పెట్టకూడదు. ఊరి చివర స్థలం చూపించింది పంచాయతీ కాబట్టి అక్కడిదాకా రోడ్డు, నీళ్లు, కరెంటు తెచ్చే బాధ్యత పంచాయతీదే. వాళ్ల వాదన అంతవరకూ సబబుగానే ఉంది.

పంచాయతీ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. సర్పంచ్ గారు నాతో అన్న మాట ఇక్కడ రాస్తాను: "అమ్మా, వీధి దీపాల బిల్లు, మంచినీళ్ల మోటార్ల బిల్లు కట్టడానికే డబ్బులు చాలట్నేదు. బడి ఖర్చు కూడా నా నెత్తిమీద ఎడితే నానేటి సేసేది? బడి మండల పరిషత్తుది, మేస్టార్లకి జీతాలు గవర్నమెంటువి. స్థలం ఇచ్చాం, నీళ్ల పైపు ఏశాం. అదే ఎక్కువ." ఆయన బాధలో నిజం ఉంది. కొన్నేళ్ల క్రితం కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం డబ్బును పంచాయతీల ఖాతాల నుంచి కరెంటు బకాయిల కింద మళ్లించారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. ఆ దెబ్బ తగిలినవాళ్లకు కరెంటు అనే మాట వింటేనే భయం. పైగా ఆ సంఘం డబ్బులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలని ముడిపెట్టి ఇచ్చేవారు. మిగిలిన 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. చిన్న పంచాయతీకి ఆ 40 శాతంలో మిగిలేది తక్కువ.

రెండు ఆఫీసుల మధ్య కాగితాలు తిరిగాయి. ఇక్కడి నుంచి అక్కడికి లేఖ, అక్కడి నుంచి 'తగు చర్య నిమిత్తం' అని ఇక్కడికే తిరిగి లేఖ. ఇచ్చిన ఎస్టిమేటు పాతబడుతోందని కరెంటు ఆఫీసు నుంచి హెడ్మాస్టరు గారికి ఫోను వచ్చింది. వాళ్లంతట వాళ్లు ఫోన్ చేసి గుర్తుచేయడం నేను ఎదురుచూడనిది.

ఈ మధ్యలో నేను చట్టం తీసి చదివాను. ప్రింట్లు తీసే పని నాదే కాబట్టి, 2009 విద్యాహక్కు చట్టం కాపీ ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అందులో 8వ సెక్షన్ ప్రభుత్వం చేయాల్సిన పనులు చెబుతుంది, 9వ సెక్షన్ స్థానిక సంస్థ చేయాల్సినవి చెబుతుంది. బడి భవనం, మౌలిక వసతులు కల్పించాలన్న మాట రెండింట్లోనూ ఉంది. అంటే ఒకరికి రాసి ఇంకొకరికి మినహాయించలేదు, ఇద్దరికీ రాశారు. ఇద్దరి మీదా ఉన్న పనిని ఎవరో ఒకరు ముందు తలకెత్తుకోకపోతే అది ఎవరిదీ కాకుండా పోతుంది. మా బడిలో అదే జరిగింది.

ఆ చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. బడి భవనానికి ఏమేం ఉండాలో అందులో ఉంటుంది: ఒక్కో ఉపాధ్యాయుడికి ఒక్కో తరగతి గది, మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, సరిపడా సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె. కరెంటు మాట అందులో లేదు. నేను రెండుసార్లు వెతికాను. తాగునీరు రాశారు, మరుగుదొడ్డి రాశారు. మా బడిలో ఆ రెండూ నడవాలంటే మోటారు తిరగాలి, ఆ మోటారుకు కరెంటు మాత్రం ఎవరూ రాయలేదు. 2009 నాటికి చాలా బడుల్లో చేతిపంపు ఉండేది కాబట్టి అప్పటికి అది సరిపోయి ఉండొచ్చు. ఇప్పుడు డాబా మీద ట్యాంకు పెట్టి, గోడల నిండా కుళాయిలు పెట్టి, లోపల స్క్రీన్లు పెట్టే రోజుల్లో కరెంటు కనెక్షన్‌ను భవనంలో భాగంగా చూడకపోవడం పెద్ద లోపం. కొత్త బడి మంజూరు కాగితంలోనే కనెక్షన్ ఖర్చు ఎవరిది, నెలబిల్లు ఎవరిది, నీటి మోటారు బిల్లు ఎవరిది అన్న మూడు విషయాలు రాసి, రెండు వైపులా సంతకాలు పెట్టాకే పునాది తవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఏ గది ఎంత వెడల్పో రాసుకునేటప్పుడు ఈ మూడు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది?

2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. మా కొత్త బడి వరండాలోనే షామియానా వేశారు. ఉక్క. గదుల్లో కూర్చోలేక అందరూ బయటే కూర్చున్నారు. మైకుకు కరెంటు పక్క తోటవాళ్ల మోటారు షెడ్డు నుంచి వైరు లాగి తెచ్చారు. సర్పంచ్ గారు ఉన్నారు, విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒకరు వచ్చారు, గ్రామ సచివాలయం నుంచి వెల్ఫేర్ అసిస్టెంటు, ఎనర్జీ అసిస్టెంటు ఉన్నారు. ప్రసంగాలు అయ్యాక మా వీధి పెద్దామె, ముగ్గురు మనవల్ని ఈ బడికే పంపే ఆవిడ, లేచి మైకు అడగకుండానే అంది: "బావూ, మేడ బాగుంది. గుంటలికి నీళ్లు నేకపోతే ఈ మేడెందుకు? మీలో ఎవులు ఎడతారో ఇప్పుడు సెప్పండి." ఎవరూ వెంటనే మాట్లాడలేదు. తర్వాత విద్యాశాఖ ఆయన, సర్పంచ్ గారు ఒకరి వైపు ఒకరు తిరిగి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. లేఖలు మాని ముఖాముఖి మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఆ రోజు నేను తెచ్చిన కాగితం ఒకటి పనికొచ్చింది. రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. అందులో 11వది తాగునీరు. 14వది గ్రామీణ విద్యుదీకరణ, విద్యుత్ పంపిణీతో సహా. 17వది విద్య, ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా. 15వ ఆర్థిక సంఘం డబ్బులో ఆ 40 శాతాన్ని జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప ఈ 29 అంశాల్లో ఊరికి కావాల్సిన దేనికైనా వాడుకునే వీలుండేది. కాబట్టి స్తంభాలు వేయిస్తే ఆడిట్‌లో తప్పు పడుతుందన్న భయం అక్కర్లేదని పంచాయతీ కార్యదర్శి గారు కూడా చూసి ఒప్పుకున్నారు. ఆయన ఇంకో మాట కూడా అన్నారు, అది న్యాయమైనది: ఈ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో లేదు, చేర్చాలంటే గ్రామసభ కావాలి. నెలబిల్లు మాత్రం పంచాయతీ తలకెత్తుకోదని రాసివ్వాలి.

చివరికి కుదిరింది ఇది. లైను పొడిగింపు ఖర్చు పంచాయతీది. లోడు ఛార్జీలు, డిపాజిట్ స్కూలు గ్రాంటు నుంచి. నెలనెలా బిల్లు, మోటారు వాడకంతో సహా, స్కూలుది. సంపు దాకా నీళ్లు ఉచితంగా ఇవ్వడం పంచాయతీది. ఇంటి కుళాయిలతో పాటు బడులకు, అంగన్వాడీలకు కూడా కుళాయి ఇవ్వాలని జలజీవన్ మిషన్ కింద 2020 అక్టోబరు 2 నుంచే ప్రత్యేకంగా చెబుతున్నారు కాబట్టి ఈ ఆఖరిదాని మీద గొడవ రాలేదు. గ్రామసభ తీర్మానం అయ్యి, డబ్బు కరెంటు ఆఫీసులో జమ అయ్యేసరికి దసరా వచ్చేసింది. లెక్కచూస్తే కరెంటు వాళ్ల దగ్గర పట్టిన కాలం కన్నా మన వాళ్ల మధ్య పట్టిన కాలమే చాలా ఎక్కువ.

డబ్బు జమ అయ్యాక సర్వీసు ఎలా ఉందంటే, చాలా బాగుంది. మెటీరియల్ వచ్చింది, ట్రాక్టరు మీద సిమెంటు స్తంభాలు దింపారు. అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు కొన్నాళ్లు పని ఆగింది, సిబ్బందిని లైన్లు సరిచేయడానికి వేరే చోట్లకు పంపారు. అది అర్థం చేసుకోదగిందే. తిత్లీ తర్వాత మా ఊళ్లకు వేరే జిల్లాల నుంచి సిబ్బంది వచ్చి నడుంలోతు బురదలో స్తంభాలు నిలబెట్టడం మేం చూశాం, ఆ రోజుల్లో వాళ్లకు మా ఇళ్లలో వండి పెట్టాం. వాన తగ్గాక తిరిగొచ్చి, గోతులు తవ్వి, స్తంభాలు నిలబెట్టి రాళ్లు, కాంక్రీటు గట్టిగా దట్టించారు. మామూలు తీగలు కాకుండా పైన తొడుగున్న కేబులు లాగారు. కొబ్బరాకు పడినా, కొమ్మ రాసుకున్నా కరెంటు పోకుండా ఉండటానికి మా తోటల్లో అదే సరైనది. దారికి అడ్డంగా ఉన్న ఒక్క చెట్టు కోసం తోట యజమానిని ముందుగా అడిగి, ఆయన సరే అన్నాకే మట్టలు కొట్టారు.

మీటరు బిగించిన రోజు లైన్‌మన్ చేసిన పని నాకు మరీ నచ్చింది. ఆయన బోర్డు తెరిచి చూసి, ఎర్తింగ్ సరిగ్గా లేదని కనెక్షన్ ఇవ్వకుండా ఆపారు. ఎలక్ట్రీషియన్ గోతిలో రాడ్ దింపాడు కానీ మోటారుకు విడిగా ఎర్త్ లాగలేదు. "పిల్లలు తడి చేతులతో కుళాయి పట్టుకునే చోటు, ఇది అయ్యాకే ఇస్తాను" అన్నారు. లీకేజీ వస్తే వెంటనే పడిపోయే బ్రేకరు కూడా పెట్టించమన్నారు. మర్నాడు అవన్నీ చేయించాకే స్విచ్ వేశారు. ఆయన ఒక్క రూపాయి అడగలేదు. ఇది రాయాల్సిన విషయమే, ఎందుకంటే అడుగుతారనే భయంతో సర్వీసు తీసుకోవడానికి వెనకాడేవాళ్లు నా దుకాణానికి చాలామంది వస్తారు.

సర్వీసులో నాకు నచ్చనిది ఒకటుంది. మొదటి బిల్లు వ్యాపార కేటగిరీలో వచ్చింది. ప్రభుత్వ బడి రావాల్సింది సంస్థల కింద ఉండే జనరల్ పర్పస్ కేటగిరీలో. దరఖాస్తులో మేం సరిగ్గానే ఎంచుకున్నాం, ఆ కాపీ నా దగ్గర ఉంది. ఎంట్రీలో ఎక్కడో మారింది. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, సెక్షన్ ఆఫీసులో కాగితం ఇచ్చాం. తర్వాతి బిల్లులో సరిచేసి తేడా జమచేశారు. కానీ హెడ్మాస్టరు గారు బిల్లు చదవకుండా కట్టేసి ఉంటే ఎన్నాళ్లు అలాగే నడిచేదో. కొత్త సర్వీసు తీసుకున్నవాళ్లెవరైనా మొదటి బిల్లు మీద పేరు, లోడు, కేటగిరీ ఈ మూడూ చూసుకోండి. సెక్షన్ ఆఫీసులో తేలకపోతే ప్రతి పంపిణీ సంస్థకూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడ తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటారు. వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసిస్తే చాలు.

నెలబిల్లు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రేపు మళ్లీ తగువు వచ్చేది అక్కడే. ఎనిమిది గదులు, గదికి నాలుగు ఫ్యాన్లు, మొత్తం 32. మామూలు ఫ్యాను 75 వాట్లు. రోజుకు ఆరు గంటలు తిరిగితే 14 యూనిట్లు దాటుతుంది, నెలకు 22 పనిదినాలకు దాదాపు 317 యూనిట్లు. అదే ఇప్పుడొస్తున్న, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే సుమారు 30 వాట్లే తింటాయి, నెలకు దాదాపు 127 యూనిట్లు. రూ.50 వేల గ్రాంటుతో ఏడాదంతా నెట్టుకురావాల్సిన బడికి ఈ తేడా చిన్నది కాదు. మా బడికి వచ్చినవి మామూలు ఫ్యాన్లే. అవి పాడైనప్పుడల్లా ఒక్కొక్కటీ మార్చుకుంటూ వెళ్దామని కమిటీలో అనుకున్నాం. కొత్తగా కొనే బడులు మాత్రం మొదటే బీఎల్‌డీసీ అడగాలి. కొనేటప్పుడు కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ కొనే డబ్బు భవనం పద్దులోది, బిల్లు కట్టే డబ్బు గ్రాంటులోది. గ్రాంటు చిన్నది.

సోలార్ పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. పీఎం సూర్యఘర్ కింద ఇళ్లకు ఇచ్చే సబ్సిడీ బడులకు రాదు. తుపాను గాలికి ప్యానెళ్లు నిలిచేలా గట్టి ఫ్రేము కావాలి. ఆ సంగతి ఇప్పుడు కాదు.

ఎవరైనా నన్ను నక్షత్రాలు ఇవ్వమంటే కొత్త సర్వీసు సేవకు ఐదింటికి నాలుగు ఇస్తాను. ఒకటి కోసింది కేటగిరీ పొరపాటుకు. పంచాయతీకి, విద్యాశాఖ ఆఫీసుకు నక్షత్రాలు ఇచ్చే చోటు లేదు కానీ, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న రోజు పని అయ్యిందని, కూర్చోని రోజులన్నీ పిల్లలు ఉక్కలో ఉన్నారని మాత్రం రాసి ఉంచుతాను.

మీ ఊళ్లో కొత్త బడికి సర్వీసు తీసుకోవాల్సి వస్తే శ్లాబు పడే సమయానికే దరఖాస్తు పెట్టేయండి. స్థలం పంచాయతీదైతే దాని తీర్మానం కాపీ, హెడ్మాస్టరు గారి అధికారిక లేఖ, లోపలి వైరింగ్ పూర్తయ్యాక లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఇచ్చే టెస్ట్ రిపోర్టు చేతిలో ఉంచుకోండి. ఎస్టిమేటు రాగానే దాన్ని రెండు జిరాక్సులు తీసి ఒకటి పంచాయతీకి, ఒకటి విద్యాశాఖకు ఒకే రోజు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. గ్రామసభ ఎప్పుడుందో ముందే కనుక్కోండి. అది దాటిపోతే మళ్లీ గ్రామసభ జరిగేదాకా ఆగాలి.

మా బడి మీద ఇంకో అంతస్తు వేస్తామని మాట వినిపిస్తోంది. అది వస్తే లోడు పెంచాలి, అదనపు డిపాజిట్ కట్టాలి, మోటారు కూడా పెద్దది కావాలి. ఆ డబ్బు ఎవరిదన్నది మంజూరుకు ముందే రాసివ్వమని పంచాయతీకి, విద్యాశాఖ ఆఫీసుకు కమిటీ తరఫున ఒకే లేఖ తయారు చేశాను. హెడ్మాస్టరు గారు, సర్పంచ్ గారు ఇద్దరూ చదివారు. వచ్చే కమిటీ సమావేశంలో సంతకాలకు పెడుతున్నాం.